జీతాల లెక్కకు మంచి మార్కులు, ధోరణుల నివేదికకు తక్కువ మార్కులు: ఒక పేరోల్ సేవతో ఇరవై నెలలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేటకు వెళ్లే దారిలో ఉన్న ఒక చీరలు, రెడీమేడ్ దుస్తుల షాపులో నేను పద్నాలుగేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మూడంతస్తుల షాపులో ఏడాది పొడవునా 38 మంది పని చేస్తారు. ఆషాఢం సేల్ మొదలైనప్పటి నుంచి దీపావళి వరకు మరో పది పదిహేను మంది చేరతారు. 2024 మే నెలలో మా జీతాల లెక్కను నగరంలోనే ఉన్న ఒక పేరోల్ సంస్థకు అప్పగించాం. 2025 డిసెంబరు వరకు ఇరవై నెలల జీతాలు వాళ్ల చేతుల మీదుగానే పడ్డాయి. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవలు ఇప్పుడు నగరంలో చాలా ఉన్నాయి; వాటిలో దేన్ని తీసుకోవాలనుకున్నా ఏమేమి పరీక్షించి చూసుకోవాలో మరో షాపు యజమానికో, నాలాంటి గుమాస్తాకో తెలియాలన్నదే నా ఉద్దేశం.

వాళ్లు ఇచ్చే సేవ రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది హాజరు చూసి జీతం లెక్క కట్టి, పే స్లిప్పులు ఇచ్చి, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య, ప్రమాద బీమా), వృత్తి పన్ను గడువులోగా కట్టించడం. రెండోది ప్రతి నెలా పంపే పన్నెండు పేజీల నివేదిక. రాష్ట్రంలో రిటైల్ అమ్మకాలు ఎలా ఉన్నాయి, జీతాలు ఎటు కదులుతున్నాయి, ఉద్యోగాలు పెరిగాయా తగ్గాయా అన్నది చెప్పి, వచ్చే నెలలకు ఎంతమందిని పనిలోకి తీసుకుంటే బాగుంటుందో అందులో సూచిస్తారు. రెండూ కలిపి నెలకు 4,500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీతో 5,310 అవుతుంది. మొదటి భాగం ఒక్కటే ఈ డబ్బుకు తగిన విలువ ఇస్తుంది. రెండో భాగం మీద నాకు గట్టి అభ్యంతరాలున్నాయి, వాటినే కాస్త వివరంగా రాస్తాను.

ముందు మంచి చెప్పాలి. ఈ సేవ రాకముందు నెలాఖరు వచ్చిందంటే నాకు రెండు రాత్రులు నిద్ర ఉండేది కాదు. మస్టరు రిజిస్టరులో సంతకాలు, అడ్వాన్సుల చీటీలు, ఆలస్యాల కోతలు, కమీషన్ లెక్కలు అన్నీ చేత్తోనే చూసేవాణ్ని. ఇప్పుడు బయోమెట్రిక్ హాజరు నేరుగా వాళ్లకు చేరుతుంది, 28వ తేదీన ముసాయిదా పంపుతారు, నేను సరిచూసి ఒప్పుకున్న మరుసటి రోజు ఫైలు బ్యాంకుకు వెళుతుంది. వృత్తి పన్ను 10వ తేదీలోగా, పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు 15వ తేదీలోగా కట్టాలి. ఈ ఇరవై నెలల్లో, కింద చెప్పబోయే ఒక్క ఈఎస్ఐ పొరపాటు మినహా, ఏ గడువూ దాటలేదు. అన్నింటికన్నా నేను మెచ్చుకునేది పే స్లిప్పు తెలుగులో ఇవ్వడం. మా మూడో అంతస్తులో పట్టుచీరల కౌంటర్ దగ్గర పని చేసే ఆమె, ఇరవై రెండేళ్ల సర్వీసులో తన జీతంలో కోత ఎందుకు పడుతుందో మొదటిసారి స్వయంగా చదివి తెలుసుకున్నానని చెప్పింది. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

ఆ పే స్లిప్పులోనే మొదటి పెద్ద తప్పు కూడా బయటపడింది.

2024 జూన్‌లో మా షాపులో ఒక సేల్స్‌గర్ల్ చేరింది. అంతకుముందు ఆబిడ్స్‌లో మరో షాపులో పని చేసి వచ్చింది కాబట్టి ఈఎస్ఐ సంఖ్య పాతదే ఉంది. జీతం 17,500 రూపాయలు, అందులో బేసిక్, కరువు భత్యం కలిపి 15,000. మామూలు నెలలో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 132, వృత్తి పన్ను 150 పోగా చేతికి 15,418 వస్తుంది. ఆ ఏడాది ఆషాఢం జులై 6న మొదలై ఆగస్టు 4 వరకు ఉంది. జులై నెలంతా సేల్ నడిచింది, ఆమె కౌంటర్‌లో అమ్మకం బాగా సాగి 5,900 రూపాయల కమీషన్ వచ్చింది. మొత్తం 23,400 అయ్యింది. ఈఎస్ఐ పరిమితి 21,000 కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆమెను ఆ నెల నుంచి ఈఎస్ఐ జాబితాలోంచి తీసేసింది. ఆగస్టులో జీతం మళ్లీ 17,500కు వచ్చినా తిరిగి చేర్చలేదు. ముసాయిదా సరిచూసిన నేను కూడా దాన్ని గమనించలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ఆమే వచ్చి అడిగింది, "సార్, రెండు నెలల నుంచి ఈఎస్ఐ కటింగ్ పడట్లేదు, నా కార్డు ఆగిపోయిందా?" అని. చేతికి వంద రూపాయలు ఎక్కువ వచ్చినా అడిగిందంటే ఆమెకు ఆ కార్డు విలువ ఎంతో తెలుసు. ఆమె తల్లికి మందులు ఆ కార్డు మీదే వస్తున్నాయి.

నిబంధన చాలా స్పష్టంగా ఉంది. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొకటి. చందా కాలం మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం ముగిసేదాకా ఆ ఉద్యోగి ఈఎస్ఐలోనే ఉండాలి, దాటిన మొత్తం మీద కూడా చందా కట్టాలి. అంటే జులైలో ఆమె నుంచి 176 రూపాయలు, మా వైపు నుంచి 3.25 శాతం చొప్పున 761 రూపాయలు వెళ్లాల్సింది. డబ్బు చిన్నదే. కానీ జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున వచ్చే భత్యానికి అర్హత రావాలంటే ఆ చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సక్రమంగా కట్టి ఉంటే ఆమెకు వంద రోజులు దాటేవి. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం జూన్‌లోని 26 రోజులే మిగిలేవి. 2025 జనవరి నుంచి జూన్ వరకు ఆమె జబ్బుపడి ఇంట్లో ఉంటే పైసా భత్యం రాకపోయేది. సంస్థకు ఫోన్ చేస్తే మొదట "పరిమితి దాటింది కదండీ" అన్నారు. నిబంధన చదివి వినిపించాక ఒప్పుకున్నారు, అదనపు చలానా వేశారు, వడ్డీ వాళ్లే భరించారు. అంతటితో ఆగకుండా ఆషాఢం కమీషన్ వచ్చిన మరో నలుగురి లెక్క కూడా తిరగతోడి సరిచేశారు. ఆ తర్వాత ఇదే తప్పు మళ్లీ రాలేదు. పేరోల్ సేవ తీసుకోబోయేవాళ్లు తప్పకుండా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: సీజన్‌లో కమీషన్ వచ్చి జీతం 21,000 దాటితే మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? వెంటనే సరైన జవాబు రాకపోతే ఆ సేవ జోలికి వెళ్లకండి.

రెండో గొడవ సీజన్‌కు వచ్చేవాళ్ల విషయంలో వచ్చింది. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉండి చదువుకునే అమ్మాయిలు, ఇంటి పనుల మధ్య మూడు నెలలు కష్టపడితే పండగ ఖర్చు వెళ్తుందనుకునే గృహిణులు మా దగ్గర చేరతారు. మూడు నెలల కోసం వీళ్లను పీఎఫ్, ఈఎస్ఐల్లో చేర్చడం దండగ అని సంస్థ తరఫు ఉద్యోగి సలహా ఇచ్చాడు. ఇది తప్పు సలహా, చట్టం ఒప్పుకోని సలహా. 20 మంది గానీ అంతకు మించి గానీ పని చేసే సంస్థ ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక, 15,000 లోపు జీతంతో చేరేవాళ్లు తాత్కాలికమైనా సరే, చేరిన రోజు నుంచే సభ్యులు కావాలి. 13,500 జీతం మీద వాళ్ల వాటా 1,620, మా వాటా మరో 1,620. మా యజమాని ఆ ఖర్చుకు వెనకాడలేదు, నేను పట్టుబట్టాను, అందరినీ చేర్చాం.

ఆ పట్టుదల ఎందుకు పనికొచ్చిందో 2024 బతుకమ్మ రోజుల్లోనే తెలిసింది. గోడౌన్‌లో పై అర నుంచి చీరల కట్టలు దించుతూ ఒక అమ్మాయి నిచ్చెన మీది నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేరి అప్పటికి పంతొమ్మిది రోజులే. పనిలో జరిగిన ప్రమాదానికి ఈఎస్ఐలో ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతు లేదు, మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. వైద్యం ఉచితంగా జరిగింది, పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం లెక్కన ఆమె ఖాతాలో డబ్బు పడింది. ప్రమాద నివేదికను ఆన్‌లైన్‌లో పెట్టడం దగ్గర నుంచి కాగితాలన్నీ పేరోల్ సంస్థ వాళ్లే చూసుకున్నారు; సలహా తప్పుగా ఇచ్చినా పని దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయికి అండగా నిలబడ్డారు.

మరుసటి సంవత్సరం ఇంకో సంగతి. 2025 ఆగస్టు 1 నుంచి కొత్త పీఎఫ్ సభ్యులకు యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవడం తప్పనిసరైంది. దసరాకు చేరిన పదకొండు మందిని ట్రయల్ రూము బయట, వెలుతురు బాగా ఉండే అద్దం పక్కన నిలబెట్టాం. పాత ఫోన్లలో యాప్ తెరుచుకోలేదు, ఒకరికి ఆధార్‌లో పుట్టిన తేదీ తేడా వచ్చింది, ఇంకొకరి ముఖాన్ని యాప్ నాలుగుసార్లు తిరస్కరించింది. సంస్థ నుంచి వచ్చిన కుర్రాడు ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఆరు వరకు కూర్చుని, తన ఫోన్ ఇచ్చి మరీ అందరి పని పూర్తి చేశాడు. అలాంటి మనుషులు ఉన్న సేవ కాబట్టే మేము ఇంకా వదులుకోలేదు.

ఇక నివేదిక సంగతి. అమ్మకాల భాగానికి వాళ్లు తెలంగాణ జీఎస్టీ వసూళ్లను ఆధారంగా తీసుకుంటారు. ప్రతి నెలా 1వ తేదీ ప్రాంతంలో కేంద్ర ఆర్థిక శాఖ రాష్ట్రాల వారీగా ఇచ్చే అంకెలవి. వాటిని రాష్ట్రంలోని రిటైల్ అమ్మకాలకు అద్దంగా చూపడంలో మూడు చిక్కులున్నాయి. ఒక నెల అమ్మకం మీది పన్నును వ్యాపారులు మరుసటి నెల 20వ తేదీ ప్రాంతంలో కడతారు, కాబట్టి సెప్టెంబరు వసూళ్లంటే చాలావరకు ఆగస్టు అమ్మకాలే. నివేదికలో మాత్రం వాటిని సెప్టెంబరు అమ్మకాలని రాశారు. పైగా ఆ వసూళ్లలో సాఫ్ట్‌వేర్ సేవలు, సిమెంటు, నిర్మాణం అన్నీ కలిసి ఉంటాయి, బట్టల షాపుల వాటాను విడదీసి చూపరు. మూడో చిక్కు పన్ను రేట్లు మారడం. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తుల మీద 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం పన్ను వచ్చింది. అంతకుముందు 1,000 వరకు 5, ఆపైన 12 శాతం ఉండేది. 1,800 రూపాయల పిల్లల గౌను మీద పన్ను 216 నుంచి 90కి తగ్గింది. అలాంటి గౌన్లు ఒకటికి బదులు రెండు అమ్ముడుపోయినా వచ్చే పన్ను 180 మాత్రమే, అంటే అమ్మకం రెట్టింపైనా వసూలు తగ్గినట్టే కనిపిస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి గురించి ఆ నెల నివేదికలో ఒక్క వాక్యం కూడా లేదు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టింది నెలకు నెలను పోల్చే పద్ధతి. 2024లో బతుకమ్మ అక్టోబరు 2న మొదలైంది, దసరా 12న, దీపావళి 31న వచ్చాయి. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21నే వచ్చింది, దసరా అక్టోబరు 2న, దీపావళి 20న. మా ఊళ్లో బట్టల కొనుగోలు అంతా పండగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రెండు వారాల్లోనే జరుగుతుంది. ఆ రెండు వారాలు 2024లో చాలావరకు అక్టోబరులో పడ్డాయి, 2025లో మొత్తం సెప్టెంబరులోకి జరిగాయి. దానికితోడు 2024 సెప్టెంబరు రెండో సగం పితృపక్షం, ఎవరూ కొత్తబట్టలు కొనరు. మా షాపులోనే చూస్తే 2024 సెప్టెంబరులో 60 లక్షలు, అక్టోబరులో 114 లక్షలు అమ్మాం. 2025 సెప్టెంబరులో 105 లక్షలు, అక్టోబరులో 81 లక్షలు. సెప్టెంబరును సెప్టెంబరుతో పోల్చి 75 శాతం వృద్ధి అని, "గిరాకీ ఊహించని స్థాయిలో పెరిగింది, మరో ఎనిమిది మందిని తీసుకోవచ్చు" అని నివేదిక చెప్పింది. మరుసటి నెల అక్టోబరును అక్టోబరుతో పోల్చి 29 శాతం పతనం అని, సిబ్బందిని తగ్గించమని రాసింది. రెండు నెలలూ కలిపితే 174 లక్షలు 186 లక్షలయ్యాయి, పెరుగుదల ఏడు శాతం లోపే. ఆ మాట విని ఎనిమిది మందిని చేర్చుకుని ఉంటే దసరా వెళ్లగానే వాళ్లను వెనక్కి పంపాల్సి వచ్చేది. ఎనిమిది కుటుంబాలకు ఆశ చూపి లాగేసుకున్న పాపం మాకు చుట్టుకునేది.

డిసెంబరు నివేదికలోనూ అంతే. పట్టుచీరల అమ్మకం పడిపోవడాన్ని "వినియోగదారుల విశ్వాసం సన్నగిల్లింది" అని వివరించారు. 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి మధ్య వరకు శుక్రమూఢం. ముహూర్తాలు లేవు, పెళ్లిళ్లు లేవు, పట్టుచీర ఎవరు కొంటారు? మా షాపులో కాఫీ తెచ్చే కుర్రవాడికి కూడా తెలిసిన కారణం ఇది. 2023లో అధిక శ్రావణం వచ్చి పెళ్లిళ్ల కొనుగోళ్లు నెల వెనక్కి జరిగినప్పుడు కూడా ఇలాంటి లెక్కలు చాలామందిని తప్పుదోవ పట్టించాయి. హైదరాబాద్‌లో చీరల వ్యాపారం చేసేవాళ్లు అమ్మకాలను తిథులతో పోల్చుకుంటారు. ఆషాఢాన్ని ఆషాఢంతో, శ్రావణాన్ని శ్రావణంతో. పాతబస్తీలో పత్తర్‌గట్టి, లాడ్ బజార్ వాళ్లు రంజాన్ నెలను ముందటి రంజాన్‌తో పోల్చుకుంటారు, అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి. నగర వ్యాపారమంతా ఇలా నడుస్తుంటే, ఇక్కడే పుట్టిన సంస్థ పంచాంగం తెరవకుండా ధోరణులు చెప్పడం నాకు మింగుడుపడలేదు.

ఉద్యోగాల భాగంలో వాళ్లు పీఎఫ్‌ను నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌వో ఇచ్చే పేరోల్ గణాంకాలను వాడతారు. 2018 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా వెలువడుతున్న ఈ సమాచారం 2017 సెప్టెంబరు నుంచి లెక్క ఇస్తుంది. రాష్ట్రాల వారీగా, వయసుల వారీగా, పరిశ్రమల వారీగా ఉచితంగా దొరుకుతుంది. ఇది విలువైన సమాచారమే, కానీ దాన్ని చదివే తీరు వేరు. అందులో ఉండేది నికర చేరికలు, అంటే కొత్తగా చేరినవారు, వెళ్లి మళ్లీ చేరినవారు కలిపి, వెళ్లిపోయినవారిని తీసేయగా మిగిలినవారు. అంకెలు తాత్కాలికమని, తర్వాతి నెలల్లో సవరిస్తామని అందులోనే చెబుతారు. తెలంగాణలో ఇంతమందికి కొత్త ఉద్యోగాలు వచ్చాయని మా నివేదికలో రాసింది నిజానికి పీఎఫ్ ఖాతాల కదలిక గురించి. మా షాపు సెక్యూరిటీ గార్డులు, శుభ్రం చేసేవాళ్లు కాంట్రాక్టరు ద్వారా వస్తారు కాబట్టి వాళ్లు రిటైల్ కింద లెక్కకు రారు. మనుషులను సరఫరా చేసే సంస్థలు, సెక్యూరిటీ ఏజెన్సీలు ఉండే నిపుణ సేవల వర్గంలో చేరతారు. దేశం మొత్తం మీద చాలా నెలల్లో నికర చేరికల్లో దాదాపు 40 శాతం ఆ వర్గానిదే. మా వీధిలో అయిదారుగురు పని చేసే చిన్న షాపుల విషయానికొస్తే, 20 మంది లేరు కాబట్టి ఆ లెక్కలో వాళ్ల ఊసే ఉండదు.

ఆ అంకెలు ఎక్కడ పుడతాయో నాకు దగ్గర నుంచి తెలుసు, ఎందుకంటే వాటిలో కొన్ని మా దగ్గరే పుట్టాయి. 2024 దీపావళి తర్వాత వెళ్లిపోయిన పన్నెండు మంది నిష్క్రమణ తేదీలను మా పేరోల్ సంస్థ వెంటనే నమోదు చేయలేదు. 2025 మార్చిలో నేను అడిగాకే ఒకేసారి పెట్టింది. అన్ని నెలలూ ఆ పన్నెండు మంది కాగితం మీద మా ఉద్యోగులుగానే ఉన్నారు. నిష్క్రమణ తేదీ పడలేదు కాబట్టి పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి దరఖాస్తు చేయలేక ఇద్దరు అమ్మాయిలు నా చుట్టూ తిరిగారు. వాళ్లలో ఒకామెకు ఆ డబ్బు కాలేజీ ఫీజుకు కావాలి. ఉద్యోగి కూడా వెళ్లిపోయిన రెండు నెలల తర్వాత స్వయంగా ఆ తేదీని నమోదు చేసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. రాష్ట్ర ధోరణుల గురించి పన్నెండు పేజీలు రాసే సంస్థ, ఆ ధోరణికి ముడిసరుకైన తేదీలను మాత్రం సకాలంలో పంపలేదు. ఈ లోపాన్ని నేను చిన్నదిగా తీసుకోలేను.

2025 చివర్లో నివేదిక కొంచెం మెరుగుపడింది. కార్మికుల సర్వేను జాతీయ గణాంక కార్యాలయం 2025 నుంచి నెలనెలా విడుదల చేస్తున్నందున దాన్నీ జోడించారు. వారంలో ఒక్క గంట పని చేసినా ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కించే పద్ధతి అందులో ఉందని నివేదిక అడుగున చిన్నగా రాయడం మంచిదే. నవంబరు 21న కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చినప్పుడు, వేతనంలో భత్యాలు సగానికి మించితే ఆ మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలన్న నిబంధనను రెండు పేజీల్లో స్పష్టంగా వివరించారు. మాకు బేసిక్, కరువు భత్యం ముందునుంచే సగం పైన ఉన్నాయి కాబట్టి మార్పు అవసరపడలేదు, కానీ బేసిక్ తక్కువ చూపిస్తున్న షాపులవాళ్లకు ఆ రెండు పేజీలే ఏడాది చందా విలువ చేస్తాయి. అలాగే 2025 ఆగస్టు నుంచి నడుస్తున్న ఉపాధి ప్రోత్సాహక పథకం కింద యజమానికి నెలకు 3,000 వరకు రావాలంటే కొత్త ఉద్యోగి కనీసం ఆరు నెలలు కొనసాగాలన్న షరతును వాళ్లే గుర్తు చేశారు. సీజన్‌కు వచ్చినవాళ్లలో ముగ్గురిని దీపావళి తర్వాత కూడా కొనసాగించడానికి మా యజమానిని ఒప్పించగలిగానంటే ఆ సమాచారం చేతిలో ఉండబట్టే.

జీతాల లెక్కకు అయిదుకు నాలుగు మార్కులిస్తాను, నివేదికకు అయిదుకు ఒకటిన్నర. ఒప్పందాన్ని మరో ఆరు నెలల వరకే పొడిగించాం, రెండు షరతులతో. ఉద్యోగి వెళ్లిన పదిహేను రోజుల్లో నిష్క్రమణ తేదీ నమోదు కావాలి. నివేదికలో పోలిక పండగల వారీగా ఉండాలి. రెండో షరతుకు తొందర ఉంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వస్తోంది, ఆషాఢం జులై మధ్యకు, దసరా అక్టోబరు 20 ప్రాంతానికి, దీపావళి నవంబరు 8కి జరుగుతాయి. సెప్టెంబరు అమ్మకం 2025తో పోలిస్తే సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది, అప్పుడు మనుషులను తగ్గించమని ఆ నివేదిక చెప్పకూడదు. ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి, జనవరి మొదటి వారంలో నేనే వాళ్ల ఆఫీసుకు వెళ్లి ఇచ్చి వచ్చాను.